"ఈవేళ లేదు బాబూ" అన్నచోట తినండి



కార్తీకం దగ్గర పడింది. ఊడ్పులు అయిపోయాయి, కోతలకి ఇంకా టైముంది. చెరకు నరకడానికి అంతకన్నా టైముంది. ఏడాదిలో మనకి దొరికే సందు ఇదొక్కటే. మన ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఈ రోజుల్లోనే బళ్ళు మాట్లాడుకుని అరకు బయల్దేరుతుంటాం. వెళ్ళేముందు కొందరు నాకు ఫోను చేసి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, అక్కడ ఎక్కడ తింటే బాగుంటాది? ఏ హోటలుకెళ్తే మోసపోకుండా ఉంటాం?"

హోటలు పేరు నేను చెప్పను. దానికి కారణముంది. ఈ ఏడు బాగా వండిన మనిషి వచ్చే ఏడు అక్కడ ఉండకపోవచ్చు. బోర్డు అదే ఉంటాది, వంట మారిపోతాది. పేరు చెప్తే ఒక ఏడాదికి పనికొస్తాది. ఎలా చూడాలో చెప్తే ఏ ఊరెళ్ళినా పనికొస్తాది. అందుకే కొంచెం పెద్ద పోస్టు రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. మంచి తిండి కనిపెట్టడంలో పట్నంవాడి కన్నా మనకే తెలివి ఎక్కువుండాలి. ఎద్దుని కొనడానికి సంతకెళ్తే ఏం చేస్తాం? పళ్ళు చూస్తాం. నడిపించి చూస్తాం. కాడి పెట్టి చూస్తాం. ఎక్కడ పెరిగింది, ఎందుకమ్ముతున్నావు అని అడుగుతాం. కొమ్ములకి రంగేసి, మెడలో కొత్త గంట కట్టి, నూనె రాసి మెరిపించి తెచ్చినవాడి దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాం. విత్తనం కొన్నా అంతే. సంచీ మీద బొమ్మ చూసి కొనం, లాటు నంబరు, తేదీ చూస్తాం, పక్క రైతుకి ఎలా మొలిచిందో కనుక్కుంటాం.

అదే మనిషి బండి దిగి అరకులో హోటలు ముందు నిలబడేసరికి ఆ చూపంతా ఇంటి దగ్గర వదిలేసినట్టు అయిపోతాడు. లైట్లు బాగున్నాయి, బోర్డు పెద్దగా ఉంది, బళ్ళు ఆగున్నాయి, పదండి లోపలికి. పిల్లలు ఆకలంటారు, ఆడోళ్ళు అలిసిపోయుంటారు, నిజమే. కానీ ఆ పది నిమిషాల తొందరలోనే రోజంతటి ఖర్చు పాడైపోతాది.

ఈ గొడవ మనకే కాదు, ప్రపంచమంతా ఉంది. మా మేనల్లుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినేడు భార్యతో ఇటలీ చూడ్డానికి వెళ్ళాడు. ఫోనులో ఆ కబుర్లన్నీ చెప్పాడు. రోములో కొలోసియం అని దాదాపు రెండువేల ఏళ్ళనాటి పెద్ద కట్టడం ఉంది కదా, దాని చుట్టుపక్కల వీధుల్లో హోటళ్ళ ముందు ఒక మనిషి నిలబడి దారిన పోయేవాళ్ళని పిలుస్తూ ఉంటాడట. చేతిలో అట్ట మెనూ. ఐదారు భాషల్లో రాసుంటాది, ప్రతిదానికీ రంగు ఫోటో. పొద్దున్న నుంచి రాత్రి దాకా ఎప్పుడెళ్ళినా అన్నీ దొరుకుతాయి. బిల్లులో కూచున్నందుకు తలకింత అని వేరే లెక్క. ఆ కుర్చీ లెక్కని అక్కడ కోపెర్తో అంటారు. అది మెనూలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాదట.

మావాడు ఒక పూట అక్కడ తిని, రెండో పూట ఆ వీధులు దాటి పావుగంట లోపలికి నడిచాడు. చిన్న హోటలు. ఆ రోజు వంటలు కాగితం మీద చేత్తో రాసి అంటించారు, అయిదారు కన్నా లేవు. మధ్యాహ్నం మూడింటికి మూసేసి మళ్ళీ రాత్రికి తెరుస్తారు. లోపల కూచున్నవాళ్ళంతా ఆ వీధివాళ్ళే, ముసలోళ్ళు, పనివాళ్ళు. "వాళ్ళకి ఇంగ్లీషు రాదు మావయ్యా, మాకు వాళ్ళ భాష రాదు. వేలు పెట్టి చూపించి తిన్నాం. ఇటలీ వెళ్ళి తిన్నది అదొక్క పూటే అనిపించింది" అన్నాడు.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ బొలోనియా అని ఒక ఊరుంది. ఆ ఊరి పేరు మీద ప్రపంచమంతా స్పగెట్టీ బొలోనీజ్ అమ్ముతారు. ఆ ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆ మాంసం కూరని సన్న సేమ్యాలాంటి స్పగెట్టీతో తినరు. గుడ్లు వేసి పిండి కలిపి, వెడల్పుగా పట్టీల్లాగ కోసిన టాలియాటెల్లెతో తింటారు. కాబట్టి ఆ ఊళ్ళో ఎవరైనా స్పగెట్టీ బొలోనీజ్ అని పెద్ద బోర్డు కట్టారంటే, ఆ హోటలు ఆ ఊరివాళ్ళ కోసం పెట్టింది కాదని లెక్క.

ఆలోచిస్తే ఇది మనకీ తెలిసిందే. మనింట్లో "ఈవేళ ఆంధ్రా భోజనం వండాను" అని ఎవరైనా అంటారా? పప్పు, వంకాయ కూర, చారు అంటాం. "ఆంధ్రా భోజనం" అనే పేరు పొరుగూరివాడి కోసం పుట్టింది. అలాగే "ట్రైబల్ స్పెషల్" అనే పేరు కూడా కొండమీది వాళ్ళింట్లో పుట్టలేదు. పేరు పెట్టినందుకే తిండి చెడిపోదు గానీ, ఆ పేరు ఎవరి కోసం పెట్టారో తెలుసుకుని లోపలికెళ్ళాలి.

ఇప్పుడు మన అరకు సంగతి. మనకి రెండు దార్లు. అనకాపల్లి మీదుగా ఎస్.కోట చేరి, అనంతగిరి ఘాటు ఎక్కేది ఒకటి. చోడవరం, మాడుగుల, పాడేరు మీదుగా వెళ్ళేది ఇంకోటి. రైలు సరదా ఉన్నవాళ్ళు విశాఖపట్నంలో కిరండూల్ బండి ఎక్కుతారు. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దింపడానికి వేసిన లైను అది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలించారు. ఏ దారిన వెళ్ళినా ఘాటు ఎక్కగానే మొదట ఎదురయ్యేది బొంగు చికెన్. గాలికొండ దగ్గర, బొర్రా గుహల దారిలో, చాపరాయి దగ్గర వరసగా పొయ్యిలుంటాయి.

అసలు బొంగు చికెన్ ఎలా చేస్తారో తెలిస్తే ఏది నకిలీయో మీకే తెలిసిపోతాది. పచ్చి వెదురు బొంగు తెస్తారు. ఒక పక్క కణుపు మూసి ఉంటాది, ఇంకో పక్క తెరిచి ఉంటాది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని అందులో కూరి, మూతి ఆకులతో బిగించి, మంటలో పెట్టి తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, నీళ్ళు పొయ్యరు. పచ్చి బొంగులో తడి, ముక్కలో తడి, ఆ ఆవిరికే ఉడుకుతాది. అరగంట పైనే పడతాది. బొంగు పైన నల్లగా మాడాక దాన్ని చీల్చి ఆకులో వంచుతారు. వాసన అప్పుడు తెలుస్తాది.

ఇక మీరు చూడాల్సినవి. మొదటిది, కాల్చకముందు బొంగు చూడండి. పచ్చగా ఉండాలి. ఒకసారి మంటలో మాడి పగిలిన బొంగు రెండోసారి వంటకి పనికిరాదు, ఎండిన బొంగు మంటలో పెడితే అదే అంటుకుంటాది. నల్లటి పాత బొంగులు కుప్పగా ఒక పక్క పెట్టుకుని, పచ్చి బొంగు ఒక్కటీ కనపడకపోతే, మూకుడులో వండిన కూరని బొంగులో పోసి తెస్తున్నారేమో అడగండి. రెండోది, ఆకులో వంచాక ఎర్రటి నూనె తేలుతోందా చూడండి. తేలితే అది మూకుడు కూరే. మూడోది, టైము. జనం లేని రోజున మీరు అడిగిన అయిదు నిమిషాల్లో వేడి వేడిగా తెస్తే ముందెప్పుడో వండిందన్నమాట. ఆదివారాలు మాత్రం పొయ్యి మీద బొంగులు వరసగా నడుస్తూనే ఉంటాయి, అప్పుడు బేగి తెచ్చినా తప్పు పట్టకండి. నాలుగోది, నాటుకోడా, బాయిలరా అని నేరుగా అడగండి. దార్లో అమ్మే వాటిల్లో చాలావరకు బాయిలరే. "బాయిలరే బాబూ, నాటుది కావాలంటే ముందు చెప్పాలి" అన్నవాడి దగ్గర ధైర్యంగా తినండి. నిజం చెప్పినవాడు మసాలాలో కూడా మోసం చెయ్యడు. అన్నిటికీ "నాటుదే సార్, నాటుదే" అని తలూపేవాడి దగ్గర ఆగి ఆలోచించండి. రోజుకి అన్ని నాటుకోళ్ళు ఏ ఊరి నుంచి వస్తాయి? కోళ్ళు పెంచినవాళ్ళం, ఆ లెక్క మనకి తెలీదా?

పోయిన పుష్యమాసంలో మేము రెండు కుటుంబాల వాళ్ళం వెళ్ళాం. మొదటి రోజు మధ్యాహ్నం డ్రైవరు ఒక పెద్ద హోటలు దగ్గర ఆపాడు. బయట తాటాకు కప్పు, గోడల మీద థింసా ఆడుతున్న ఆడవాళ్ళ బొమ్మలు, గుమ్మానికి రెండు పక్కలా వెదురు బొంగులు నిలబెట్టారు. మెనూ చూస్తే అరవై రకాలున్నాయి. పన్నీరు నుంచి నూడుల్సు దాకా అన్నీ ఉన్నాయి. చివర్లో ట్రైబల్ స్పెషల్ థాలీ. వడ్డించే కుర్రాడిని పక్కకి పిలిచి "ఈ కూరగాయలు ఎక్కడివి తమ్ముడూ, ఇక్కడ పండినవేనా?" అని అడిగాను. "కాదండి, పొద్దున్నే విశాఖపట్నం నుంచి వ్యాను వస్తాదండి" అన్నాడు. కోడి కూడా ఆ వ్యానులోనే వస్తాదట. పాపం కుర్రాడు నిజమే చెప్పాడు. చుట్టూ చూస్తే కొండవాలుల్లో వలిసెల పూలు వాడిపోయి గింజ కడుతున్నాయి, గట్ల మీద చోళ్ళు కుప్పలేశారు, పక్క ఊళ్ళో రాజ్మా కోస్తున్నారు. అందులో గింజ కూడా ఆ కంచంలోకి రాలేదు. మేం హైవే మీద ఏ ధాబాలో అయినా తినే అన్నమే అరకు రేటుకి తిన్నాం.

రెండో రోజు పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీ తాగుతూ ఒక కండక్టరుని అడిగాను. "మీరెక్కడ తింటారండి?" అని. "మంచి హోటలు ఏది" అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు వేరే ఉంటాయి. ఆయన సంత వీధి వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఒక ఆవిడ రేకుల షెడ్డులో వండుతోంది. నాలుగు గిన్నెలే. అన్నం, రాజ్మా కూర, ఒక ఆకుకూర, చోడి అంబలి. కూచున్నవాళ్ళు సంతకొచ్చిన కొండోళ్ళు, ఇద్దరు మాస్టార్లు, ఒక కరెంటు లైన్‌మేను. "కోడికూర ఉందా అమ్మా?" అన్నాను. "ఈవేళ లేదు బాబూ. కావాలంటే రేపటికి చెప్పు, ఇంట్లో పుంజుంది" అంది. "చేప?" "లేదు." "చపాతీ?" నవ్వింది. రాజ్మా ఎక్కడిదని అడిగితే, "మా తమ్ముడి మడిలోది, మొన్ననే నూర్చారు" అంది. కొత్త గింజ అవడం వల్ల కాబోలు, ఇట్టే ఉడికి వెన్నలాగుంది. మా పిల్లలు ఇంట్లో చోడి అంబలి అంటే మొహం తిప్పుకుంటారు. అక్కడ అడిగి పోయించుకున్నారు. అందరికీ కలిపి అయిన డబ్బు, ముందురోజు మాలో ఇద్దరు తిన్నదానికి సరిపోలేదు.

ఆవేళ నాకు ఒక గుర్తు దొరికింది. ఆ గుర్తు "లేదు" అనే మాట. అన్నీ ఎప్పుడూ ఉన్నాయంటే ఆ వంట ఆ నేలది కాదు, ఫ్రిజ్జుది. నేలని నమ్ముకున్న వంటింట్లో రోజూ ఏదో ఒకటి ఉండదు. వెదురు కొమ్ముల కూర వానల్లో దొరుకుతాది, సంక్రాంతికి అడిగితే లేదంటారు. పనసకాయ కూర ఎండల్లో ఉంటాది, కార్తీకంలో ఉండదు. మన పెరట్లో అయినా అంతే కదా? ఆషాఢంలో తేగలు అడిగితే ఏం చెప్తాం? "తేగలేటి, ఇప్పుడేటి?" అంటాం. అలా అన్నచోట తినండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. గుడిసె కనపడగానే అసలైనదని అనుకోకండి. ఇప్పుడు గుడిసెలు కూడా చూపుకోసమే కడుతున్నారు. మట్టి కుండ, లాంతరు, నులకమంచం, ఇవన్నీ కొని తెచ్చి పెట్టొచ్చు. పెద్ద హోటలన్నంత మాత్రాన మోసమనీ కాదు. శుభ్రంగా, పద్ధతిగా, కొండ పంట కొని వండేవాళ్ళూ ఉన్నారు. బళ్ళు బోలెడు ఆగున్నాయని కూడా నమ్మకండి. టూరిస్టు బండి డ్రైవర్లకి కొన్నిచోట్ల భోజనం ఉచితం, కొన్నిచోట్ల కమీషను. డ్రైవరుని తప్పుపట్టను, అతనికీ కడుపుంది. కాకపోతే అతను ఆపినచోటు అతనికి కుదిరిన చోటు. కండక్టర్లు, మాస్టార్లు, లైన్‌మేన్లు, ఆసుపత్రి నర్సులు, వీళ్ళు రోజూ సొంత డబ్బుతో తింటారు. వాళ్ళనే అడగండి.

కాఫీ సంగతి కొద్దిగా. అరకు కాఫీ అంటే ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణమే తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ నేలలో పండినదానికే చెల్లుతాది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకి మిరియం తీగలు పాకించి, కింద కాఫీ పెంచుతారు. శీతాకాలంలో పండు ఎర్రబడ్డాక ఒక్కొక్కటే చేత్తో కోస్తారు. ఒక గుత్తిలో అన్నీ ఒకేసారి పండవు, అందుకే ఒకే మొక్క దగ్గరికి రెండు మూడుసార్లు వెళ్ళాలి. ఆ కూలి ఎంతవుతాదో పత్తి తీసినవాళ్ళకి, మిరప కోసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంత కష్టపడి పండించిన ఊళ్ళోనే, రోడ్డు పక్క కప్పులో అరకు కాఫీ అని చెప్పి సీసాలోంచి తీసిన ఇన్‌స్టంటు పొడి కలిపి ఇచ్చేవాళ్ళున్నారు. పొడి ప్యాకెట్టు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. చికోరీ కలిపితే ఎంత శాతమో ప్యాకెట్టు మీద రాసి తీరాలి. కలిపినదాన్లో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని రూలు. చికోరీ విషమేం కాదు, అదొక దుంప, వేయించి పొడి చేస్తారు. కానీ దుంప పొడికి కాఫీ రేటు ఎందుకివ్వాలి? నికరం కావాలంటే నూరు శాతం కాఫీ అని ఉన్నది కొనండి, ఎప్పుడు వేయించారో తేదీ చూడండి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, కొండమీది వాళ్ళ దగ్గర పంట కొని అమ్ముతాది. తేనె, చింతపండు, కాఫీ అక్కడ కొంటే ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మనకి కొంచెం నిబ్బరంగా ఉంటాది.

పాడేరు దారిలో వచ్చేవాళ్ళు మాడుగుల హల్వా కొనకుండా రారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలియబెట్టే పని అది. ఆ ఊళ్ళో ప్రతి దుకాణం మీదా "అసలైన" అనే ఉంటాది. మీరు బోర్డులతో తగువు పడొద్దు. ఒక ముక్క అడిగి నోట్లో వేసుకోండి. నెయ్యి అయితే కరిగిపోతాది. నోటి పైభాగాన మైనంలాగ పట్టుకుందంటే డాల్డా. ఎప్పుడు వండారని అడగండి. "నిన్న రాత్రి" అని చెప్పగలిగినవాడి దగ్గర కొనండి.

ఇంతవరకు చదివి "ఒక పూట తిండి కోసం ఇంత రాయాలా?" అని మీరనుకోవచ్చు. నాకు ఇది ఒక పూట తిండి సంగతిలాగ కనిపించడం లేదు. ఎందుకంటే ఆ హోటలు కంచం వెనకాల ఒక రైతు ఉన్నాడు, లేదా లేడు. మనం రేకుల షెడ్డులో ఇచ్చిన డబ్బు రాజ్మా పండించిన తమ్ముడి దగ్గరికి ఆ వారమే వెళ్తాది. బొమ్మల హోటల్లో ఇచ్చిన డబ్బు వ్యానెక్కి కొండ దిగిపోతాది. కొండమీద బొమ్మ మాత్రం మిగులుతాది.

ఈ బాధ మనకి తెలియనిది కాదు. మన అనకాపల్లి బెల్లం తీసుకోండి. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. 1913 నుంచి అక్కడ పరిశోధన కేంద్రముంది. చెరకు తోట నుంచి దిమ్మ దాకా ఎంత పనో మనకి తెలుసు. కానీ యార్డులో వేలానికి పెడితే ముందు చూసేది రంగు. ఏ మందూ వెయ్యకుండా దించిన దిమ్మ కొంచెం ముదురు రంగులో ఉంటాది. హైడ్రోస్ వేసి దించినది పచ్చగా నిగనిగలాడతాది. రేటు దేనికి? నిగనిగలాడేదానికి. పట్నంలో కొనేవాడు ముక్క నోట్లో వేసుకుని చూడడు, ఎవరు వండారని అడగడు. రంగు చూసి కొంటాడు. అతను రంగు చూస్తున్నంత కాలం వర్తకుడు రంగే అడుగుతాడు, వర్తకుడు రంగు అడిగినంత కాలం పొయ్యి దగ్గర మందు ఆగదు. మంచిగా వండినవాడికి రెండు రూపాయలు తక్కువే.

అంటే మనం కొండమీద బోర్డు చూసి తిన్నామంటే, అక్కడి రైతుకి మనం చేసేది, ఇక్కడ పట్నంవాడు మనకి చేసేది ఒకటే పని. అమ్మేటప్పుడు "సరుకు చూడండి బాబూ, రంగు కాదు" అని మొత్తుకునేవాళ్ళం, కొనేటప్పుడు కూడా సరుకే చూడాలి. మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఇటలీ కబుర్లలో మా మేనల్లుడు చెప్పినదాన్లో నాకు బాగా పట్టిన సంగతి ఇంకొకటుంది. అక్కడ రైతులే తమ పొలంలో, తమ ఇంట్లో వచ్చినవాళ్ళకి భోజనం పెట్టి, గది ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని అగ్రిటూరిజ్మో అంటారు. 1985లో దానికి ప్రత్యేకంగా చట్టం చేశారు, 2006లో ఇంకో చట్టంతో మార్చారు. ముఖ్యమైన షరతు ఏటంటే, పొలం పని అసలు పనిగా ఉండాలి, భోజనాలు దానికి తోడుగా ఉండాలి. వడ్డించేదాన్లో సొంత పొలం పంట, చుట్టుపక్కల రైతుల పంట తగినంత ఉండి తీరాలి. పొలం లేనివాడు గోడ మీద నాగలి బొమ్మ వేసి ఆ పేరు పెట్టుకోడానికి వీల్లేదు. అలాగే పార్మిజానో అనే వాళ్ళ జున్ను ఉంది. పార్మా, రెజ్జో ఎమీలియా లాంటి కొన్ని జిల్లాల్లోనే చెయ్యాలి, తక్కువలో తక్కువ 12 నెలలు మాగబెట్టాలి, చక్రం మీద ముద్ర ఉండాలి. పేరుని కాపాడుకుంటే రైతుకి రేటు నిలబడుతుందని వాళ్ళు ముందే కనిపెట్టారు.

మనకేం తక్కువ? మన మండలంలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసే ఆ బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది. ఆ రంగుల కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడులో మన రాష్ట్రం శకటం ఆ బొమ్మలతోనే నడిచింది. ఆ బొమ్మలు చూడ్డానికి జనం వస్తున్నారు. పంచదార్ల గుడికి, కొండకర్ల ఆవకి, శంకరం బొజ్జన్నకొండకి వస్తున్నారు. వాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారు? హైవే ఎక్కి ధాబాలో తింటున్నారు. మన ఊళ్ళోకి వచ్చి మన అన్నం తినకుండా పోతున్నారు.

బెల్లం పొయ్యి వెలిగే రోజుల్లో ఒక ఇంటివాళ్ళు పది మందికి అన్నం పెట్టారనుకోండి. మన బియ్యం, మన పెరటి ఆనపకాయ, పూడిమడక నుంచి ఆ పొద్దు వచ్చిన చేప, జీడిపప్పు వేసిన కూర, చివర్లో పొయ్యి మీంచి వేడి పాకం తమలపాకులో. ఎండాకాలం అయితే ముంజెలు, పచ్చి జీడిపప్పు. ఆ కంచంలో ఉన్నదంతా మన ఊళ్ళోది. ఆ వచ్చినవాడు ఒక్కసారి నల్లటి దిమ్మ ముక్క నోట్లో వేసుకున్నాడంటే, మళ్ళీ బజార్లో రంగు చూసి కొంటాడా? రుచి చూసి కొనేవాడు పదిమంది తయారైనా మనకి లాభమే.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, కానీ కొన్ని ఉండాలి. మంచినీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి, వండేచోట ఈగ వాలకుండా శుభ్రం. చిన్నగా అమ్మినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషను చేయించుకోవాలి. రేటు ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, లేనిది ఉందని చెప్పకూడదు. పొరుగూరివాడు రొయ్యలు అడిగితే "ఈవేళ లేవండి" అనగలగాలి. ఆ ఒక్క మాట దగ్గర లొంగిపోతే, ఏడాది తిరిగేసరికి మన గోడ మీద కూడా ఎడ్లబండి బొమ్మ, లోపల అరవై రకాల మెనూ, వెనక గుమ్మం దగ్గర విశాఖపట్నం వ్యాను.

ఈ కార్తీకంలో కొండెక్కేవాళ్ళు క్షేమంగా వెళ్ళి రండి. ఘాటు మీద బండి నెమ్మదిగా పోనివ్వండి, వలిసె మడిలోకి ఫోటో కోసం దిగితే రైతుని అడిగి దిగండి, మొక్క తొక్కకండి, ఏదో కొంత చేతిలో పెట్టండి. తిన్న ప్లాస్టిక్కు బండిలోనే వేసుకుని కిందకి తెచ్చెయ్యండి.

తిరిగొచ్చాక మీరు బాగా తిన్నచోటు గురించి నాకు రాయండి. అక్కడ ఏం ఉందో రాయడంతో పాటు, ఆవేళ ఏం లేదన్నారో కూడా రాయండి. దాన్నిబట్టే నేను నమ్ముతాను.

ఉంటానండి.